వాలు నేల మీద ట్యాంకు ఫుల్

“డీజిల్ పడుకోవాలి బాబూ,” అనేవాడు మా డ్రైవరు.

విశాఖపట్నం నుంచి ఘాటీ రోడ్డు ఎక్కి రాగానే పికప్‌ని తిన్నగా వాళ్ల ఊరి చర్చి ముందున్న సిమెంటు గచ్చు మీదికి తీసుకెళ్లి ఆపేవాడు. అరకులోయ అంటారు గానీ, బండి నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో నిలిచే చోటు అక్కడ వెతికితే గానీ దొరకదు. ఇంజన్ ఆపేసి, బకెట్టుతో నీళ్లు తెచ్చి టైర్లకి పట్టిన ఎర్రమట్టి కడిగేవాడు. ట్యాంకులో డీజిల్ ఊగడం పూర్తిగా ఆగేదాకా మూత తీసేవాడు కాదు. అప్పుడు సీటు వెనక నుంచి వెదురుబద్ద తీసేవాడు. మూరెడు పొడుగు, ఒక పక్కంతా కత్తితో పెట్టిన సన్నగాట్లు. దాన్ని నిలువుగా ముంచి, పైకి తీసి, తడి ఏ గాటు దాకా ఉందో చూసేవాడు. పొద్దున ఎంత ఉంది, దారిలో ఎంత పోయించాం, ఇప్పుడెంత మిగిలింది, అన్నీ మనసులోనే చూసుకుని, “ఇయ్యాల ఇరవయ్యొకటి తాగినాది” అనేవాడు. బండిలో డీజిల్ ముల్లు మా నాన్న కొన్ననాటి నుంచీ కదల్లేదు. ఆ బద్దే ముల్లు.

నాకు నవ్వొచ్చేది. అప్పటికి నాకు ఇరవై రెండు. మెకానికల్ డిప్లొమా ఉంది, ఉద్యోగం లేదు, చేతిలో కొత్త కలర్ ఫోన్ ఉంది. మా నాన్న విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ ఆ పికప్‌ని అరకులో తిప్పించేవాడు. కిందికి అల్లం, పసుపు, కాఫీ గింజలు. పైకి సిమెంటు, కిరాణా. “ఇంట్లో కూర్చుని ఆ ఫోన్ నొక్కే బదులు పోయి బండి చూసుకో” అని నన్ను కొండెక్కించాడు.

అక్కడ నాకు నచ్చింది ఒక్కటీ లేదు. ముఖ్యంగా సిగ్నల్ లేదు. లోయలో ఇంకా టవరు వెయ్యలేదు. నా అద్దె గదిలో గానీ, చర్చి దగ్గర గానీ, శుక్రవారం సంత జరిగే మైదానంలో గానీ ఒక్క గీత కూడా వచ్చేది కాదు. ఘాటీ దిగడం మొదలయ్యే చోట ఒక మలుపు దగ్గర మాత్రం రెండు గీతలు వచ్చేవి. ఊళ్లో ఫోనున్న నలుగురైదుగురమూ ఆ మలుపులో బండరాయెక్కి నిలబడి అరుస్తూ మాట్లాడుకునేవాళ్లం. అయినా నేను ఫోన్ చేతిలోంచి దించలేదు. లెక్కలు దాంట్లోనే, ఆటలు దాంట్లోనే. ఏమీ లేకపోతే ఊరికే తీసి చూసేవాణ్ణి.

డ్రైవరు యాభై దాటినవాడు. అక్కడి కొండ మనిషి, ఆ చర్చి ఊరివాడే. నేను అతన్ని వయసు చూడకుండా నువ్వు అనేవాణ్ణి. అతను నన్ను వయసు చూడకుండా బాబూ అనేవాడు.

ఇంజన్ పని చేయిద్దామన్నది నేనే. లోడుతో ఘాటీ ఎక్కుతుంటే మా పికప్ ఫస్ట్ గేరులో ఏడుస్తూ నల్లపొగ కక్కేది. జీపులు కూడా హారన్ కొట్టి దాటిపోయేవి, నాకు తలకొట్టేసినట్టుండేది. బోరు చేయించి కొత్త పిస్టన్లు వేద్దాం, నాజిల్స్ మారుద్దాం, టర్బో పెట్టిద్దాం అని నెల రోజులు నాన్న చెవిలో జోరీగలా పోరాను. లాగుడు పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది, లీటరుకి పదకొండు ఇస్తున్న బండి పదమూడు ఇస్తుంది అని చెప్పాను. పదమూడు అన్న అంకె నాకెవరూ చెప్పలేదు. నోటికొచ్చింది.

“పదమూడు రాకపోతే?” అన్నాడు నాన్న.

“నాది పూచీ,” అన్నాను.

సాలూరులో అంతా లారీల పనే. అక్కడ ఒక మేస్త్రీ దగ్గర బండిని పన్నెండు రోజులు ఉంచాం. పనికి ముందు మైలేజీ నేనే కొలిచాను. విశాఖపట్నంలో బంకులో ట్యాంకు ఫుల్ చేయించి, అరకు ఎక్కి, మళ్లీ దిగి, అదే బంకులో ఫుల్ చేయిస్తే ఇరవై ఒక్క లీటర్లు పట్టింది. రెండువందల ముప్పై కిలోమీటర్లు. పదకొండు. డ్రైవరు బద్ద కూడా ఇరవయ్యొకటే అంది. అప్పుడు ఆ బద్ద గురించి నేనేమీ అనలేదు.

పని అయ్యాక బండి ఎగిరింది. థర్డ్ గేరులో ఘాటీ ఎక్కుతుంటే, మమ్మల్ని ఎప్పుడూ దాటిపోయే జీపుని, నేను కిటికీలోంచి చెయ్యి ఊపుతుండగా, దాటేశాం. డ్రైవరు నవ్వి, “బేగి ఎల్లినా ఆ సంత శుక్రారమే బాబూ” అన్నాడు.

ఇక కొలవాలి. విశాఖపట్నం బంకు దాకా ఆగే ఓపిక నాకు లేదు. ఘాటీ పైన రోడ్డు పక్కనే ఒక బంకు ఉంది. పొద్దున దిగేటప్పుడు అక్కడే ఫుల్, సాయంత్రం ఎక్కి వచ్చాక మళ్లీ అక్కడే ఫుల్. మొదటిరోజు పొద్దున డ్రైవరు బంకు దాటి కొంచెం కిందికి పోయి, బండి వెనక్కి తిప్పబోయాడు.

“ఇప్పుడెందుకు తిప్పడం?” అన్నాను.

“మూతి మీదకెట్టి పోయించాల బాబూ. ఈ బంకు కాడ నేల వాలు. బండి దిగువ సూత్తంటే ట్యాంకు నోరు కిందకుంటాది, నిండినట్టే కనబడతాది, నిండదు.”

మా ట్యాంకు చాసిస్‌కి పక్కన ఉంటుంది, మూత దాని ముందు కొసన. అదంతా నాకు తెలుసు. కాగితమిస్తే బొమ్మ గీసేవాణ్ణి.

“అదే బంకు, అదే ట్యాంకు. ఫుల్ అంటే ఫుల్లే. తిప్పుడూ గిప్పుడూ వద్దు, టైం అవుతోంది. కొట్టించు.”

కొట్టించాడు. సాయంత్రం అదే బంకులో, ఈసారి ఎక్కుతూ వచ్చాం కాబట్టి ముఖం పైకి పెట్టి, ఫుల్ చేయిస్తే ఇరవై అయిదు లీటర్లు పట్టింది. ఫోన్‌లో కొట్టాను. తొమ్మిది పాయింట్ రెండు. మళ్లీ కొట్టాను. ఫోన్ ఏ తప్పూ చెయ్యలేదు.

చర్చి గచ్చు మీద డ్రైవరు బద్ద ముంచి, “ఇరవై తాగినాది. ఇంజను బాగా సేసినాడు బాబూ మేస్త్రి” అన్నాడు సంతోషంగా.

“మరి ఆ అయిదు లీటర్లూ ఏవీ?”

“ట్యాంకులోనే ఉన్నాయి.”

వెటకారం చేస్తున్నాడనుకున్నాను. మూడు రోజుల తర్వాత ఇంకోసారి కొలిచాను, ఇరవై అయిదు. మళ్లీ వారం, ఇరవై అయిదున్నర. అన్నీ ఫోన్‌లో మెసేజ్ డ్రాఫ్టులుగా దాచుకున్నాను, తేదీతో, రీడింగుతో. మలుపు దగ్గర రాయెక్కి సాలూరు మేస్త్రీకి ఫోన్ చేసి తిట్టాను.

“బాబూ, ఇంజను వరకే నా గేరంటీ,” అన్నాడాయన తాపీగా. “డ్రైవరు కాలు నాది కాదు, డ్రైవరు సెయ్యీ నాది కాదు. బండి తాగితే పొగ తెలుస్తాది. పొగొత్తందా?”

“రావట్లేదు.”

“మరింకేటి? బండి తాగనేదు. మరెవుడు తాగినాడో సూసుకో.”

ఆ మాట నాకు ఎంత హాయినిచ్చిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. నాన్నకి నేనిచ్చిన పూచీ నిలబడింది. టర్బో మంచిదే, నేనూ మంచివాణ్ణే. విశాఖపట్నంలో లోడు దించేటప్పుడు నేను ఇంటికి పోయి భోంచేసి, సిగ్నల్ దొరికింది కదా అని రెండు మూడు గంటలు ఫోన్ పట్టుకుని పడుకునేవాణ్ణి. ఆ మూడు గంటలూ బండి అతని దగ్గరే. అయిదు లీటర్ల డబ్బా నింపడానికి అయిదు నిమిషాలు చాలు. ఒకసారి అలా అనుకున్నాక అన్నీ దానికి అతుక్కున్నాయి. అతను టైర్లు అంత శ్రద్ధగా కడగడం కూడా అనుమానంగానే కనిపించింది.

ఆ శుక్రవారం సంత. పికప్‌ని మైదానం అంచున పెట్టి అల్లం బస్తాలు ఎక్కిస్తున్నారు. డ్రైవరు ఊరివాళ్లు పది పదిహేను మంది చుట్టూ ఉన్నారు, చింతపండు, విస్తళ్లకి వాడే అడ్డాకులు అమ్ముకునే ఆడవాళ్లూ, ఇద్దరు ముగ్గురు జీపుల వాళ్లూ. నేను ఫోన్ తీసి డ్రాఫ్టులు ఒక్కొక్కటీ గట్టిగా చదివాను. తేదీ, రీడింగు, లీటర్లు.

“ఇవి నేను పుట్టించిన లెక్కలు కాదు. మూడుసార్లు కొలిచాను. ప్రతిసారీ అయిదు లీటర్లు తేడా. ఎవరికి అమ్ముతున్నావ్?”

అతను బస్తా కింద పెట్టాడు. “ఏటి బాబూ?”

“డీజిల్. ఎవరికి అమ్ముతున్నావ్ అని అడుగుతున్నా.”

“నాను తియ్యనేదు బాబూ.”

“మరి ఎక్కడికి పోయింది?”

“సెప్పినాను గదా, ట్యాంకులోనే ఉందని. రేపు తిప్పి పోయించి సూడు. నా బద్ద...”

“నీ బద్ద! గాట్లు పెట్టుకుందీ నువ్వే, చూసేదీ నువ్వే!” సీటు వెనక నుంచి దాన్ని లాగి మోకాలి మీద పెట్టి విరిచాను. వెదురు ఒక పట్టాన విరగదు. రెండోసారికి చీలి, మూడోసారికి రెండు ముక్కలైంది. అంతసేపూ అందరూ చూస్తూనే ఉన్నారు. అతను నా ముఖం కంటే ఆ ముక్కల్నే ఎక్కువసేపు చూశాడు.

“తియ్యలేదంటున్నావ్ కదా, అయితే ఒట్టు వెయ్యి. మీ పిల్లల మీద వెయ్యి. ఇక్కడే, వీళ్లందరి ముందూ. వెంటనే ఊరుకుంటాను.”

“ఒట్టు ఎయ్యను బాబూ.”

“ఎందుకు వెయ్యవ్?”

“ఎయ్యకూడదు. తియ్యనేదు అని సెప్పినాను. అదే మాట.”

మా బస్తీలో చిన్నప్పటి నుంచీ నేను చూసింది ఒకటే: తప్పు చెయ్యనివాడు ఠక్కున ఒట్టేస్తాడు, చేసినవాడు నసుగుతాడు. నాకింక వేరే రుజువు అక్కర్లేకపోయింది.

అడ్డాకులు అమ్ముకునే ముసలామె కల్పించుకుంది. “ఆల్ల సర్చోలు ఒట్లు ఎయ్యరు నాయినా. పెల్లి కాడ తగువొచ్చినా ఎయ్యరు, బూమి కాడా ఎయ్యరు. ఆడ్ని అలగ అడక్కు.”

“దొంగలు కూడా వెయ్యరు,” అన్నాను.

ఆ మాట అనేటప్పుడు నాకు చాలా బాగుంది. జీపుల వాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు కూడా. డ్రైవరు జేబులోంచి తాళం తీసి బానెట్ మీద పెట్టాడు. గట్టిగా కూడా పెట్టలేదు. వాళ్ల ఊరు వైపు నడిచాడు. అతని ఊరివాళ్లు, అల్లం బస్తాలు మోస్తున్న ఇద్దరితో సహా, అతని వెనకే పోయారు. మిగతా బస్తాలు నేనే ఎక్కించుకున్నాను.

నాన్న ఫోన్‌లో “అంత పాత మనిషి ఎందుకు మానేశాడ్రా?” అంటే “ఏమో, మానేశాడు” అన్నాను.

ఆ తర్వాత నేనే నడిపాను. మొదటి ట్రిప్పు, పొద్దున ఎప్పట్లాగే ఫుల్ చేయించి, గర్వంగా దిగి, గర్వంగా ఎక్కి, బంకులో ఫుల్ కొట్టించాను. ఇరవై అయిదు. బండి నా చేతిలోంచి క్షణం పోలేదు. లోడు దించుతున్నంతసేపూ అక్కడే కూర్చుని పార్సిల్ భోజనం తిన్నాను. అయినా ఇరవై అయిదు. బంకులో నిలబడి ఆ అంకె వంక చూశాను. ఫోన్ చేతిలోనే ఉంది. ఆ అంకె మాత్రం డ్రాఫ్టులో పెట్టలేదు.

అతను దొంగ కాదని నాకు ఆ సాయంత్రమే తెలుసు. ఇది రాస్తున్నాను కాబట్టి దాన్ని కూడా రాయాలి. తెలిసీ పదిరోజుల పైనే ఊరుకున్నాను. నాజిల్స్ సరిగ్గా కూర్చోలేదేమో, పంపు సెట్టింగు తప్పిందేమో, మేస్త్రీ మోసం చేశాడేమో, ఇంకెవరైనా దొరుకుతారేమోనని చూశాను.

దొరికింది నేల. ఒక సాయంత్రం వాన పడుతుంటే బంకు ముందు లారీ అడ్డంగా ఆగిపోయి ఉంది. పైకి పోయి తిప్పుకుని, పై వైపు నుంచి లోపలికి దిగాను. బండి ముఖం కిందికి. ఫుల్ అని కొట్టిస్తే ఇరవై లీటర్లకే డీజిల్ మూతి దాకా వచ్చేసింది. అదే ట్రిప్పు, అదే లోడు. ఏమైందో అర్థం కాలేదు. కాసేపటికి డ్రైవరు చెప్పిన మాట గుర్తొచ్చింది. లారీ కదిలాక బండిని తిప్పి, ముఖం పైకి పెట్టి, మళ్లీ కొట్టమన్నాను.

“నిండిపోనాది గదా బాబూ, ఇంకేటి కొడతాను?” అన్నాడు బంకులో పనిచేసే ఆయన.

“కొట్టు.”

గడగడమని బుడగలొస్తూ ఇంకో అయిదు లీటర్లు దిగింది. పొద్దున ముఖం కిందికి పెట్టి నింపినప్పుడు ట్యాంకు వెనక భాగం అయిదు లీటర్ల మేర ఖాళీగా ఉండిపోతుంది. సాయంత్రం ముఖం పైకి పెట్టినప్పుడు ఆ ఖాళీ కూడా నిండుతుంది. నేను దాన్ని ఇంజన్ తాగిందని రాసుకున్నాను. ఆ అయిదు లీటర్లూ, అతను చెప్పినట్టే, ట్యాంకులోనే ఉన్నాయి. అసలు లెక్క ఇరవై. పదకొండున్నర. పదమూడు కాదు గానీ, నేను చేయించిన పని నిజంగానే బాగుంది.

“మీ పాత డ్రైవరు పొద్దుటేల కూడా తిప్పుకునొచ్చి పోయించీవోడు,” అన్నాడు బంకాయన గొట్టం తగిలిస్తూ. “ఈయనకేటి సాదస్తం అనుకునీవోళ్లం. మీరొచ్చాకే కదా మానీసినాడు.”

మర్నాడు వాళ్ల ఊరెళ్లాను. చర్చి గచ్చు మీద పికప్ ఆపి దిగితే, పిల్లలెవరూ బండి దగ్గరికి రాలేదు. అతను ఊరి పైన ఇంకొకరి కాఫీ తోటలో కూలికి కలుపు తీస్తున్నాడు. నన్ను చూసి లేచాడు గానీ కొడవలి కింద పెట్టలేదు.

“నువ్వు చెప్పిందే నిజం,” అన్నాను. “తిప్పి పోయించి చూశా. అయిదూ ట్యాంకులోనే ఉన్నాయి.”

“నాకు తెల్సు గదా బాబూ. నువ్వు కొత్తగా సెప్పడానికేటుంది?”

“తప్పు నాదే. రేపటి నుంచి వచ్చెయ్యి.”

అతను ఇంటికి తీసుకెళ్లాడు. వాళ్లావిడ చెంబుతో చోడి అంబలి, అంటే రాగిజావ, తెచ్చి నా ముందు పెట్టి, పోయి గుమ్మంలో నిలబడింది. అతను చెప్పాడు. “ఇద్దరు జీపులోల్ల కాడికెల్లినాను. ఒకడు రేపు రా అన్నాడు. ఒకడు మొకం మీదే అన్నాడు, నీకు తాలం ఇత్తే డబ్బా కూడా ఇవ్వాలా అని. పాతికేల్లు బండి తోలినాను బాబూ. ఒక్కరోజులో పోనాది.”

“అందుకే కదా, నా బండికి వచ్చెయ్యమంటున్నా.”

“నీ బండి ఒద్దు.”

“మరేం కావాలి?”

గుమ్మంలోంచి వాళ్లావిడ అంది: “ఈడికొచ్చి సెప్తే ఎవులింటారు? ఇక్కడ నానూ, కోల్లూ. సంతలో దొంగన్నావు. సంతలోనే సెప్పు కాదని.”

“అంతే బాబూ,” అన్నాడతను. “ఆల్లందరూ ఇనాల. ఒక్క మాట సాలు. ఒట్టేటీ అక్కర్నేదు.”

శుక్రవారం చెప్తానన్నాను. మాటిచ్చేటప్పుడు అబద్ధం ఆడలేదు. అంబలి కూడా తాగాను.

శుక్రవారం అతను ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకొచ్చాడు. మా పికప్ ఆగే చోటుకి నాలుగడుగుల దూరంలో, నన్ను తొందర పెట్టనట్టుగా, పక్కకి తిరిగి నిలబడ్డాడు. వాళ్లావిడ అడ్డాకుల ముసలామె పక్కన కూర్చుంది. వాళ్ల ఊరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఎవరూ ఏమీ కొనడం లేదు. అందరూ నా కోసమే వచ్చారని తెలుస్తూనే ఉంది. నేను బండి దిగి, గొంతు సవరించుకున్నాను. ఏమనాలో దారంతా అనుకుంటూనే వచ్చాను: డీజిల్ ఎవరూ తియ్యలేదు, కొలత నేనే తప్పు కొలిచాను. రెండు ముక్కలు.

అప్పుడే, నేను బద్ద విరిచిన రోజు కిసుక్కున నవ్విన ఆ జీపువాడు అరిచాడు. “ఏటి ఇంజినీరు బాబూ, ఇయ్యాల ఎవుడ్ని దొంగంటావు? నన్నంటావేటి? నా బద్ద కూడా ఇరిసేద్దువు, రా!”

అందరూ నవ్వారు. అతని ఊరివాళ్లు కూడా నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. నా మొహం మండిపోయింది. ఒక్క మాట సాలు అన్నాడు కదా, ఆ ఒక్క మాట నోట్లోనే ఉంది. నేను జేబులోంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాను.

“హలో... ఆఁ, నాన్నా... చెప్పు... ఆఁ, ఇక్కడే, సంతలో...”

మాట్లాడుకుంటూనే జనంలోంచి అవతలికి నడిచాను. మైదానం చివరి దాకా నడిచాను. లోడు ధర గురించి, అమ్మ ఒంట్లో ఎలా ఉందన్న దాని గురించి చాలాసేపు మాట్లాడాను, మధ్యమధ్య ఆగి, విన్నట్టు తలూపుతూ. తిరిగి చూస్తే తెల్లచొక్కా ఇంకా అక్కడే ఉంది. సంత సర్దుకునే దాకా ఉంది. తర్వాత అతనూ, వాళ్లావిడా నడుచుకుంటూ పోయారు.

మరుసటి ఏడు నాన్న బండి అమ్మేశాడు. అప్పటిదాకా పదకొండున్నర ఇస్తూనే ఉంది. నేను కూడా ఒక వెదురుబద్ద చెక్కుకున్నాను గానీ గాట్లు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇప్పుడు లోయలో టవర్లున్నాయి, సంతలో నిలబడి ఎవరితోనైనా మాట్లాడొచ్చు అని విన్నాను.

ఆ రోజు మాత్రం అక్కడ సిగ్నల్ లేదు. సంతలో ఉన్న అందరికీ ఆ సంగతి తెలుసు.